కోటలు చూసి తోటలు దాటేశాను

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట ఉన్న కోటలు చూపించడానికి అమ్మని తీసుకెళ్ళినప్పుడు నేను చేసిన తప్పులన్నీ ఒకే తప్పులోంచి పుట్టాయి. ఎన్ని కోటలు చూస్తామన్నదే లెక్కగా పెట్టుకున్నాను. ఏ కోటని ఎలా చూడాలో ఆలోచించలేదు. యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు చాలామంది అమ్మానాన్నల్ని కొన్ని వారాల వీసా మీద పిలిపించుకుంటారు. ఆ కొద్ది రోజుల్లో అన్నీ చూపించేయాలనే ఆత్రం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ ఆత్రంలో నేను పోగొట్టుకున్నది ఇంకొకరు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

లువార్ లోయలో 280 కిలోమీటర్ల పొడవున్న భాగాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాజులు, రాణులు, ఖజానా అధికారులు కట్టించుకున్న కోటలు ఆ నదికీ దాని ఉపనదులకీ అటూ ఇటూ దగ్గర దగ్గరగా ఉంటాయి. మ్యాపులో చూస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి అరగంట, ముప్పావుగంట. సెప్టెంబరులో తూర్ పట్నంలో గది తీసుకుని, కారు అద్దెకి మాట్లాడుకుని, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి అని కాగితం మీద రాసేశాను. పార్కింగ్ నుంచి గుమ్మం దాకా నడక, టికెట్ల దగ్గర క్యూ, డెబ్భై దాటిన మనిషి మోకాళ్ళు, ఇవేవీ ఆ కాగితంలో లేవు.

ముందు షాంబోర్ వెళ్ళాం. మొదటి ఫ్రాన్స్వా రాజు 1519లో మొదలుపెట్టించిన కోట అది. నాలుగు వందలకి పైగా గదులు, 282 చలిమంట గూళ్ళు. నడిమధ్య ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోయే రెండు మెట్ల వరసలున్నాయి. ఒకదాంట్లో ఎక్కేవాళ్ళూ రెండోదాంట్లో దిగేవాళ్ళూ మధ్యనున్న కిటికీల్లోంచి ఒకరికొకరు కనపడతారు గానీ ఎదురుపడరు. ఏ గదీ వదలకూడదని అమ్మని అంతస్తు తర్వాత అంతస్తు తిప్పాను. చాలా గదులు ఖాళీగా ఉన్నాయి.

"ఇంత ఇల్లు కట్టుకుని సామానేం పెట్టుకోలేదేమే?" అంది అమ్మ.

నా దగ్గర జవాబు లేదు. జవాబు ఆ గదుల్లో దొరికేది కూడా కాదు, బయట ఉంది. షాంబోర్‌ని వేట కోసం కట్టించారు. దాని చుట్టూ 32 కిలోమీటర్ల ప్రహరీ, ఆ లోపల 5,440 హెక్టార్ల భూమి, అందులో ఎక్కువ అడవే. ముప్ఫై రెండేళ్ళ పాలనలో ఫ్రాన్స్వా అక్కడ గడిపింది మొత్తం కలిపినా కొన్ని వారాలే. రాజు వస్తుంటే మంచాలు, తెరలు, గిన్నెలు బళ్ళ మీద వెంట వచ్చేవి, వెళ్ళేటప్పుడు వెంటే వెళ్ళిపోయేవి. పైన బురుజుల మధ్య డాబా మీద నిలబడితే ఆ అడవంతా కనిపిస్తుంది. అక్కడ మేము ఉన్నది ఫొటోలు దిగినంతసేపే. తర్వాతి కోటకి వేళ మించిపోతోందని అమ్మని కిందికి దింపేశాను. ఆ అడవిని కాసేపు చూసి ఉంటే ఖాళీ గదుల సంగతి దానంతటదే అర్థమయ్యేది.

ఆ తొందరే ఇంకో తప్పు చేయించింది. ఫ్రాన్స్ పల్లెల్లో మధ్యాహ్న భోజనం సాధారణంగా పన్నెండు నుంచి రెండు దాకానే పెడతారు. ఆ తర్వాత వంటగది కట్టేస్తారు, మళ్ళీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడింటికే. మేము ఊళ్ళోకి వచ్చేసరికి రెండున్నర. అమ్మకి షుగర్ ఉంది, పైగా శాకాహారి. కార్లో ఉన్న బిస్కెట్లూ ఒక అరటిపండూ తిని మాత్ర వేసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మర్నాటి నుంచి పొద్దున్నే పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని బయల్దేరాం.

అసలు తప్పు విలాండ్రీ కోటలో జరిగింది. అక్కడ ముందు ఇల్లు చూద్దామని నేనే పట్టుబట్టాను. స్పెయిన్‌లోని టొలేడో నుంచి తెచ్చి బిగించిన చెక్క కప్పు దగ్గర బోర్డులన్నీ చదువుతూ నిలబడ్డాను. తోటలోకి దిగేసరికి మా దగ్గర మిగిలింది కాస్త సమయమే. కూరగాయల తోట గట్టు మీదికి రాగానే అమ్మ ఆగిపోయింది.

కింద తొమ్మిది చదరాలు. అన్నీ ఒకే కొలత, లోపల గీసిన మడులు మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కో తీరు. పొట్టిగా కత్తిరించిన కంచెమొక్కల మధ్య ఎర్రకాడల ఆకుకూర, నీలంగా మెరిసే క్యాబేజీ, మిరప, గుమ్మడి. మూలల్లో నిటారుగా పెంచిన గులాబీ మొక్కలు. "ముగ్గేసి రంగులు నింపినట్టుందే" అని మెట్లు దిగి ఒక మడి ముందు వంగింది. వంకాయ మొక్కలు. కాయలు ముదురూదాగా నిగనిగలాడుతున్నాయి. తెనాలి దగ్గర మా పెరట్లో ఏళ్ళ తరబడి వంగనారు పోసిన మనిషి, ఒక ఆకుని తిప్పి కింద పురుగుందేమో చూసింది. ఎక్కడా లేదు.

"ఏటేటా ఇదే మడిలో వంగ వేస్తారా, మారుస్తారా?" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా! టైమైపోతోంది, పద" అన్నాను.

మరోమాట లేకుండా వచ్చేసింది. మేము వెళ్ళేసరికి తర్వాతి కోటలో ఆ రోజుకి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. మూసే వేళకి చాలా ముందే లోపలికి పంపడం ఆపేస్తారని నేను చూసుకోలేదు. తోటా పోయింది, కోటా పోయింది.

ఆ రాత్రి గదిలో కూర్చుని, అంతకుముందే చదవాల్సింది చదివాను. విలాండ్రీని 1906లో జొయాకిం కర్వాలో అనే స్పెయిన్ దేశపు వైద్యుడు, ఆయన భార్య ఆన్ కోల్‌మన్ కలిసి కొన్నారు. అప్పటికి పాత తోటల్ని చెరిపేసి చెట్లూ పచ్చికా ఉన్న ఇంగ్లిష్ పద్ధతి పార్కు పెంచి ఉంది. కర్వాలో దాన్ని తీసేయించి, పదహారో శతాబ్దపు తోటల పాత చిత్రాలు, మఠాల పటాలు చూసి ఈ తోటలు మళ్ళీ వేయించాడు. ఇప్పుడు ఆ కూరగాయల తోటలో ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, వేసవిలో ఒకసారి మొక్కలు నాటుతారు. రంగులు కుదిరితే చాలదు. నేల సారం చెడకుండా మూడేళ్ళకోసారి తిరిగి వచ్చేలా పంట మారుస్తారు. 2009 నుంచి అంతా సేంద్రియ పద్ధతే.

అమ్మ అడిగింది సరిగ్గా అదే. ఆ తోటలో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఆమె అడిగితే నేను దాన్ని ఆలస్యం కింద లెక్కగట్టాను. చరిత్ర నేను చెబుతాను, అమ్మ వింటుంది అనుకుని బయల్దేరాను. ఆ తోటని చదవగలిగింది ఆమే. పొద్దున్నే ఆ సంగతి చెప్పి క్షమించమన్నాను. "మారుస్తారనే అనుకున్నా. లేకపోతే ఆకులు అంత శుభ్రంగా ఉండవు" అంది.

ఆ రోజు కాగితం పక్కన పెట్టేసి షెనోంసో ఒక్కటే పెట్టుకున్నాం. రెండో హెన్రీ రాజు 1547లో తను ప్రేమించిన దియాన్ ద పువాతియేకి ఇచ్చిన కోట అది. ఆమె షేర్ నది మీద వంతెన కట్టించింది. 1559లో రాజు పోగానే రాణి కాథరిన్ ద మెదిచీ ఆ కోటని తను తీసుకుని, బదులుగా దియాన్‌కి షోమోన్ కోట ఇచ్చింది. ఆ వంతెన మీదే 60 మీటర్ల పొడవున రెండంతస్తుల గ్యాలరీ లేపింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ గ్యాలరీ ఆసుపత్రి అయింది. రెండు వేల మందికి పైగా గాయపడ్డ సైనికులకి అక్కడ వైద్యం జరిగింది.

ఈ కథంతా నేల మీదే ఉంది. కోటకి ఒక పక్క దియాన్ తోట, వరద రాకుండా ఎత్తుగా కట్టిన గట్ల మధ్య విశాలంగా ఉంటుంది. రెండో పక్క కాథరిన్ తోట, చిన్నది. ఈసారి అమ్మ ముందు, నేను వెనక. గట్టు ఎంత ఎత్తుందో చూసి "ఈ ఏరు పొంగే రకమే" అని ఆమే చెప్పింది. తర్వాత పూలూ కూరగాయలూ పెంచే తోటకి వెళ్ళి, డాలియా మడుల మధ్య బల్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. కోటలోకి వెళ్ళింది ఆ తర్వాతే. అక్కడ గదిగదికీ పెద్ద పెద్ద పూలగుత్తులు అమర్చి ఉంటాయి. కోటలోనే పూలు అమర్చే పనివాళ్ళున్నారు, పూలు సొంత తోటవి. రెండో గదిలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇందాక చూసిన పూలే కదే ఇవి!" ఆ ప్రయాణం మొత్తంలో ఆమె గొంతులో అంత సంతోషం నేను విన్నది అప్పుడే.

తర్వాత నేనొక్కదాన్నే పారిస్‌కి ఆగ్నేయంగా ఉన్న వో-ల-వికోంత్ కోట చూశాను. ఆంద్రే ల నోత్ర్ వేసిన తోట. కోట మెట్ల మీంచి చూస్తే కొసనున్న హెర్క్యులిస్ విగ్రహం దాకా నేల ఏకంగా సాగిపోయినట్టుంటుంది. నడుచుకుంటూ వెళ్తే, పైనుంచి జాడే తెలియని పెద్ద కాలువ కాళ్ళ ముందు బయటపడుతుంది. నడవనివాళ్ళకి అది లేనట్టే.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెబుతున్నాను. రోజుకి ఒక్క కోట పెట్టుకోండి. ఎండ ఎక్కకముందే తోటలోకి వెళ్ళండి. ముందు గట్టు మీంచి మొత్తం చూసి, తర్వాత మడుల మధ్యకి దిగండి, గదులు ఆఖరున. భోజనం పన్నెండున్నరకల్లా కానివ్వండి. కారు నడపలేకపోతే షెనోంసోకి తూర్ నుంచి రైలుంది, స్టేషను కోట గేటు పక్కనే. మొక్కలంటే ప్రాణమిచ్చే పెద్దవాళ్ళు వెంట ఉంటే వాళ్ళు ఆగిన చోట ఆగండి, అడిగినదానికి జవాబు వెతకండి. చూడని కోటలు ఎక్కడికీ పోవు. అమ్మానాన్నల మోకాళ్ళు మాత్రం వచ్చే ఏడాదికి ఇలాగే ఉంటాయని చెప్పలేం.