టాపు మీద లప్పం

మా పికప్ వ్యానును ఎరగనివారు మన సంఘంలో ఉండరు. ఉగాది స్టేజి చెక్కలు, సంక్రాంతి బొమ్మల కొలువు మెట్లు, ఇల్లు మారేవారి మంచాలూ కంచాలూ అన్నీ దాని వీపు మీద వెళ్ళినవే. బావా బావమరుదులం ఇద్దరం చెరి సగం పెట్టి 2011లో కొన్నాం గనుక దాని పాపపుణ్యాలు కూడా చెరి సగం. అది 1978లో ఇక్కడి హానోవర్‌లోనే తయారైన ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్. ఈ బండ్ల తయారీని 1956లో వోల్ఫ్స్‌బుర్గ్ నుంచి హానోవర్‌లోని ష్టోకెన్ ఫ్యాక్టరీకి మార్చారు. ఆ ఫ్యాక్టరీకి మా ఇంటి నుంచి ట్రాములో పోవచ్చు. పుట్టింటికి దగ్గరలోనే కాపురం వెలగబెడుతున్న బండి అన్నమాట.

వయసు మీద పడి బరువులు ఎత్తలేక, 2023లో దాన్ని అమ్మేద్దామనుకున్నాం. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కుర్రవాడొకడు, పాతబండ్లంటే ప్రాణం విడిచేవాడు, "అంకుల్, ఇంకెవరికీ మాట ఇవ్వకండి" అని రెండు సార్లు వచ్చి చూసి వెళ్ళాడు. రెండేళ్ళ జీతంలో తిని తినక మిగిల్చిన డబ్బు. దసరాకు ఇచ్చేస్తామన్నాం.

సెప్టెంబరులో ఒకనాడు వానలో వస్తూంటే స్టీరింగు పట్టుకున్న చేతి మీద ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. ముందు అద్దం రబ్బరు ముసలిదైపోయిందిలే అనుకున్నాం. మర్నాడు నిచ్చెన వేసి టాపు చూస్తే పెయింటు నిగనిగలాడుతోంది. చుట్టూ వాననీరు పోయే సన్నటి కాలవ ఉంటుంది, ఇంటికి చూరులాగ. అందులో మాత్రం ఒకచోట పెయింటు కొద్దిగా పొంగి ఉంది, వేడి అప్పడం మీద బుడగంత. గోరుతో నొక్కితే లోపలికి పోయింది.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం చెప్పాలి, పాత బండి కొనేవారికి పనికొస్తుంది. బీరువా తలుపుకు ఉండేలాంటి చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుకుంటూ పోవాలి. ఇనుమున్నంత మేరా అది అంటుకుంటుంది. లప్పం ఉన్నచోట జారిపోతుంది. మాది ముందు అద్దం పైఅంచు మీద జానెడు మేర, కుడి మూల బెత్తెడు మేర జారిపోయింది. పన్నెండేళ్ళుగా టాపు అనుకుంటూ మేము తిరిగింది కొంత మేర లప్పం కిందన్నమాట.

అక్కడ మా ఇద్దరికీ మాట తేడా వచ్చింది. మాలో ఒకడు, ఎవడో చెప్పం, అన్నాడు: "ఒక ట్యూబు సీలెంటు, ఒక డబ్బా పెయింటు. దసరాకు ముందే అయిపోతుంది. మనకు అమ్మినవాడు మనకు చెప్పాడా?" రెండో వాడు వెంటనే కాదనలేకపోయాడు. రెండేళ్ళకోసారి జరిగే తనిఖీలో ఇన్‌స్పెక్టరు బండి కిందనుంచి సుత్తితో తట్టి చూస్తాడు, బ్రేకులు చూస్తాడు, దీపాలు చూస్తాడు. టాపు మీది లప్పాన్ని గీకి చూసేవాడు మాకింతవరకూ తగల్లేదు. పైగా మా బండికి నంబరు చివర హెచ్ అక్షరం ఉంది. ముప్ఫై ఏళ్ళు దాటి, అసలు రూపు చెడకుండా ఉన్న బండ్లకు 1997 నుంచి ఇస్తున్న గౌరవం అది. ఏడాదికి 191 యూరోల చిల్లర పన్నుతో పోతుంది. రూపు బాగుంటే చాలు కదా అనిపించింది ఆ క్షణంలో.

ఈ తనిఖీ సంస్థలు ఎలా పుట్టాయో చాలామందికి తెలియదు. 1865లో మాన్‌హైమ్‌లో ఒక బీరు బట్టీలో ఆవిరి బాయిలరు పేలింది. మరుసటి ఏడు బాయిలర్ల యజమానులే సంఘంగా చేరి, తమ బాయిలర్లను తామే పరీక్ష చేయించుకోవడం మొదలుపెట్టారు. సర్కారు పోలీసు వచ్చి అడిగేలోపు మనమే విప్పి చూసుకుందాం అని. ఈ సంగతి ఆ రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకున్నాం. మర్నాడు కుర్రవాడికి ఫోను చేసి, దసరాకు ఇవ్వలేము, టాపులో తుప్పు ఉంది, విప్పాక ధర మాట్లాడుకుందాం, వద్దంటే వద్దనెయ్యి అని చెప్పాం. వాడు వద్దనలేదు. శనివారం పాత బట్టలు వేసుకుని వచ్చేశాడు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్ళు కార్ల బాడీ పని చేసి రిటైరైనవాడు. మన బెజవాడ ఆటోనగర్‌లో అయితే టింకరింగు మేస్త్రి అంటారు. ఆయన స్క్రూడ్రైవరుతో కాలవ పొడవునా పొడుచుకుంటూ వెళ్ళి, తొమ్మిది చోట్ల దిగబడిందని లెక్క చెప్పి, "లోపలి లైనింగు విప్పండి, అద్దం తీయండి, అప్పుడు మాట్లాడతాను" అన్నాడు.

విప్పితే తెలిసింది. లప్పం వెనక జిగురులో ముంచి కుక్కిన వార్తాపత్రిక. జిగురులో గట్టిపడింది గనుక అక్షరాలు చెడలేదు. తేదీ 1994 మార్చి. ఏ చేతులు కుక్కాయో గాని, మాకు అమ్మినాయనకు సైతం తెలిసి ఉండకపోవచ్చు. కుర్రవాడు ఆ తేదీ చూసి, "నేను పుట్టకముందు కాగితం" అన్నాడు.

పై పెయింటు అంత బాగుండగా లోపల ఇంత ఎలా తిన్నదంటే, తుప్పు బయటనుంచి రాలేదు. చలికాలంలో మన ఊపిరి తేమ చల్లటి టాపు రేకుకు లోపలివైపు చెమటలా పడుతుంది. లైనింగు వెనక అది ఆరదు. పైగా కాలవ దగ్గర రెండు రేకులు ఒకదానిమీదొకటి పరిచి చుక్కలు చుక్కలుగా వెల్డు చేసి ఉంటాయి. ఆ రెంటి సందులోకి నీరు దానంతటదే పాకుతుంది, దీపం వత్తిలోకి నూనె పాకినట్టు. సందు లోపల గాలి తక్కువ, బయట ఎక్కువ. ఆ తేడావల్లనే గాలి తక్కువైన చోట ఇనుము ముందు కరుగుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది గనుక రేకులను విడదీసి ఇంకా నీటిని పిలుస్తుంది. ఆ రోజుల్లో రేకుకు జింకు పూత కూడా లేదు. మామూలు కార్లలో ఆడి 100కు ఒళ్ళంతా ఆ పూత వచ్చింది 1985లో.

పెద్దాయన ఒక శనివారం, మీ దేశంలో తుప్పు పట్టని స్తంభం ఉందట కదా అన్నాడు. ఢిల్లీ స్తంభం సంగతి చెప్పాం. పదహారు వందల ఏళ్ళనాటిదనీ, ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండి పైన పల్చటి రక్షణపొర కట్టిందనీ అన్నాం. మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తులకు వెళ్ళిందని కూడా కలిపాం. ఆయన అంతా విని, "ఆ స్తంభానికి లైనింగు లేదు కదా" అని పనిలో పడ్డాడు.

కుళ్ళిన మేర కోసేశాం. కొత్త రేకు కోసి, వంచి, వెల్డింగు. టాపు పెద్ద పల్చటి రేకు. ఒకేచోట వేడి తగిలితే అలలు లేస్తుంది, ఇక అది చక్కబడదు. అందుకని ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్యలో తడిగుడ్డ. ఒక మూలకే మూడు శనివారాలు పట్టింది. మాకు విసుగు వచ్చింది గాని ఆయనకు రాలేదు.

వెల్డింగు గీతలమీద మళ్ళీ లప్పమే పెడతాడనుకున్నాం. ఆయన పెట్టెలోంచి తగరమూ సీసమూ కలిసిన కడ్డీలు తీశాడు. రేకు శుభ్రంగా గీకి, ఒక మందు పూసి, బ్లో లాంపుతో వేడి చేసి గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. బూడిదరంగు రేకు వెండిలా తళుక్కుమంది. మేమిద్దరం ఒకేసారి "కళాయి!" అన్నాం.

అదే, మన కళాయే. మాలో ఒకరి బాల్యం తెనాలి, ఒకరిది ఏలూరు. రెండుచోట్లా ఏడాదికోసారి కళాయి సాయిబుగారు వచ్చి వేపచెట్టు కింద గుంట తవ్వి తిత్తి బిగించేవారు. ఇత్తడి గిన్నె కాల్చి, నవసాగరం చల్లితే తెల్లటి పొగ, ఆ పొగలోనే తగరం రాసి దూదితో ఒక్క తుడుపు. చారు కిలుమెక్కకుండా ఉండడానికి. జర్మనీలో బండి టాపు వానకు కుళ్ళకుండా ఉండడానికి అదే తుడుపు. ఆయనకు చేతులూ కళ్ళూ ఉపయోగించి వివరిస్తే, నవసాగరం దగ్గర మాత్రం ఆపి, "ఆ పొగ మా గురువు వాడే రోజుల్లోదే" అన్నాడు.

ఆ పైన కడ్డీ కరిగించి గుంటలు నింపడం. ఆ మిశ్రమం 183 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గాని దాదాపు 265 దాకా పూర్తిగా నీరు కాదు. ఆ మధ్యలో వెన్నముద్దలా ఉంటుంది. కొవ్వు రాసిన చెక్కబద్దతో దాన్ని అద్దాలి. కుర్రవాడికి ఆ బద్ద ఇచ్చాడు. మొదటిసారి మొత్తం జారి బూటు మీద పడింది. సాయంత్రానికి చెయ్యి కుదిరింది. సీసం దుమ్ము లేవకూడదని మిషను పెట్టనివ్వలేదు, ఆకురాయితోనే నునుపు చేయించాడు.

చివరకు సందుల్లో సీలెంటు, లోపలి గుల్లల్లో వేడి మైనం. మొత్తం పదకొండు శనివారాలు. పెద్దాయన కూలి పుచ్చుకోలేదు. కడ్డీల ఖర్చు మాత్రం సెంట్లతో సహా కాగితం మీద రాసి తీసుకున్నాడు. ధర మేము తగ్గించాం. ఎంత తగ్గించాలన్నదానిపై మా ఇద్దరికీ మళ్ళీ మాట తేడా వచ్చింది, అది ఇంకా తేలలేదు. ఆ 1994 కాగితం ముక్కనూ, పని జరిగేప్పుడు తీసిన ఫోటోలనూ బండి కాగితాలతో కలిపి ఇచ్చాం.

జనవరిలో కుర్రవాడు ఫోను చేశాడు. రాత్రంతా వాన కురిసిందట, పొద్దున లైనింగు కింద చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉందట. "కానీ అంకుల్, హీటరు పని చెయ్యట్లేదు" అన్నాడు. ఆ హీటరు సంగతి వాడికి ముందే చెప్పాం.