ఉత్తరీయం చాటు గడ్డ

మగవానికి రొమ్ములో గడ్డ లేస్తే మన కృష్ణా డెల్టా పల్లెల్లో భయం కన్నా ముందు సిగ్గు వస్తుంది. దివిసీమలోని మా పెదనాన్నగారు కుడి చనుమొన పక్కన గోలీకాయంత గడ్డను ఏడాదిపాటు ఉత్తరీయం చాటున దాచుకున్నారు. అది నీలివన్నెకు తిరిగి నీరు కారిన తరువాత గానీ విజయవాడ బస్సెక్కలేదు.

సూదితో తీసిన కణాలను పరీక్షించి క్యాన్సర్ కావచ్చునన్నారు. ఆ అనుమానం అకారణమైనది కాదు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో పురుషులవి సుమారు 1 శాతమే అయినా, పెద్దవయసులో గట్టిగడ్డ కనబడితే ముందుగా దానినే శంకించాలి. పురుషుల రొమ్ములో తరచుగా కనిపించే వాపు గైనకోమాస్టియా. చెమటగ్రంథుల నుండి పుట్టే హైడ్రడినోమా అక్కడ బహు అరుదు. పైగా స్తనగ్రంథి కూడా రూపాంతరం చెందిన చెమటగ్రంథేనంటారు. ఆ చుట్టరికం వల్లనే సూదిమొనకు చిక్కిన నాలుగు కణాలు వైద్యులను సైతం భ్రమింపజేస్తాయి.

గడ్డను చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా కోసి తీసి చేసిన బయాప్సీలో నిజం తేలింది. స్పష్టమైన హద్దులు, తేటకణాలు, గులాబిరంగు కణాలు, నడుమ సన్నని నాళాలు. పక్కలకు చొచ్చుకుపోయిన జాడ లేదు. అది హైడ్రడినోమా. కొంత మిగిలిపోతే మళ్ళీ మొలుస్తుంది. ఎప్పుడో అరుదుగా క్యాన్సర్‌గానూ మారుతుంది. కనుక పూర్తిగా తొలగించడమే చికిత్స.

ఆ ఫలితం కోసం వేచిన పదిరోజులలో పెదనాన్నగారు పొలం పంపకాల మాట కూడా ఎత్తారు. ఆ పదిరోజుల కన్నా, మౌనంగా గడచిన ఏడాదే నన్ను నేటికీ కలవరపెడుతుంది. గడ్డ మంచిదో చెడ్డదో ఉత్తరీయానికి తెలియదు కదా!