అటక దిగిన ఆల్బమ్

అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి చెందిన ‘డెత్’ అనే రాక్ బృందం 1975లో రికార్డు చేసిన ఏడు పాటలు 2009లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి. ఆ ఆల్బమ్ పేరు ‘...ఫర్ ద హోల్ వరల్డ్ టు సీ’. బృందంలో ఉన్నది ముగ్గురు అన్నదమ్ములు. డేవిడ్ హాక్నీ గిటార్ వాయించేవాడు. బాబీ బేస్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. డానిస్ డ్రమ్స్ వాయించేవాడు. పాటలు తయారైన నాటికీ ఆల్బమ్‌గా జనం చెవిన పడిన నాటికీ నడుమ ముప్పై నాలుగేళ్లు గడిచిపోయాయి. ఇన్నేళ్లు మరుగున పడిన సంగీతం మళ్లీ వెలుగులోకి రావాలంటే బాగుండటం ఒక్కటే చాలదు. దాన్ని ఎవరో ఒకరు పదిలంగా దాచి ఉండాలి. ఎక్కడో కొన్ని ప్రతులు చేతులు మారుతూ తిరుగుతూ ఉండాలి. వినేవాళ్ల చెవులు కూడా అందుకు సిద్ధపడి ఉండాలి. ఈ మూడూ ఒకచోట కలవడం అరుదు. డెత్ విషయంలో అవి కలిశాయి.

డెట్రాయిట్ కార్ల కర్మాగారాల ఊరు. సంగీతానికీ అంతే పేరుపడిన ఊరు. బెర్రీ గోర్డీ 1959లో అక్కడ మొదలుపెట్టిన మోటౌన్ సంస్థ నల్లజాతి గాయకుల సోల్ పాటలను దేశమంతటా ఇంటింటికీ చేర్చింది. అదే ఊళ్లో 1960ల చివర ఎంసీ5, స్టూజెస్ వంటి తెల్లజాతి బృందాలు చెవులు దిమ్మెక్కే రాక్ వాయించాయి. రెండూ ఒకే ఊరి సంగీతాలైనా వాటి శ్రోతలు వేరు, రేడియో స్టేషన్లు వేరు. రాక్ అండ్ రోల్‌కు పునాది వేసినవాళ్లలో చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతి కళాకారులు ముందు వరసలో ఉంటారు. అయినా 1970ల నాటికి రాక్ అంటే తెల్లవాళ్ల సంగీతమన్న అభిప్రాయం వ్యాపారంలోనూ జనంలోనూ స్థిరపడిపోయింది. నల్లజాతి గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ అంతటివాడు వచ్చి వెళ్లినా ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు. నల్లజాతి యువకులు చేతికి గిటార్ తీసుకుంటే వాళ్ల నుంచి సోల్ గానీ ఫంక్ గానీ ఆశించేవారు.

హాక్నీ సోదరులు కూడా మొదట ఆ దారిలోనే నడిచారు. 1971లో వాళ్లు కట్టిన బృందం ‘రాక్‌ఫైర్ ఫంక్ ఎక్స్‌ప్రెస్’ ఫంక్ పాటలే వాయించేది. ఆ తర్వాత డేవిడ్ ద హూ బృందం కచేరీ చూశాడు. ఆలిస్ కూపర్ కచేరీ ప్రభావం కూడా అన్నదమ్ముల మీద బలంగా పడింది. దాంతో బాణీ మొత్తం మార్చేశారు. ద హూ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వాయించే దిట్టమైన కార్డ్స్, హెండ్రిక్స్ వాయించే సోలోలు రెండూ తన వాయిద్యంలో పలకాలన్నది డేవిడ్ పట్టుదల. ఇంట్లోనే ఒక గదిలో సాధన చేసేవారు. ఈ రణగొణ ధ్వని ఏమిటని ఇరుగుపొరుగు విసుక్కున్నా, సోల్ పాటలు వాయించుకోరాదా అని తోటివాళ్లు అడిగినా వాళ్లు వెనక్కి తగ్గలేదు.

బృందానికి ఆ పేరు రావడం వెనక ఇంట్లో జరిగిన విషాదం ఉంది. తాగి బండి నడిపిన ఒక వ్యక్తి వల్ల జరిగిన ప్రమాదంలో వాళ్ల తండ్రి చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి తేరుకునే క్రమంలో చావును భయపెట్టే ముగింపుగా కాక, ఆత్మ సాగించే ప్రయాణంలో ఒక మజిలీగా చూడాలని డేవిడ్ నిశ్చయించుకున్నాడు. బృందానికి ‘డెత్’ అని పేరు పెట్టాడు. దానికొక గుర్తు కూడా గీశాడు. త్రిభుజం మూడు మూలల్లో మూడు వృత్తాలు. అవి ఆత్మ, మనసు, దేహం. వాటికి అవతల, విడిగా నిలిచిన మరో వృత్తం దైవం. వినగానే జనం ఉలిక్కిపడే ఆ పేరు అతనికి మాత్రం తండ్రి జ్ఞాపకంతో ముడిపడిన నమ్మకం.

డాన్ డేవిస్ నడిపే గ్రూవ్స్‌విల్ అనే నిర్మాణ సంస్థ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. 1975లో డెట్రాయిట్‌లోని యునైటెడ్ సౌండ్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ 1948లో ‘బూగీ చిలెన్’ పాడింది ఆ స్టూడియోలోనే. పన్నెండు పాటలు చేయాలనుకున్నారు. ఏడు పూర్తయ్యాయి. సంగీత వ్యాపారంలో పెద్ద పేరున్న క్లైవ్ డేవిస్‌కు ఆ పాటలు నచ్చాయి. పేరు మాత్రం నచ్చలేదు, మార్చమన్నాడు. డేవిడ్ ససేమిరా అన్నాడు. పేరు వదులుకుంటే దాని వెనకున్న భావమంతా వదులుకున్నట్టేనని అతని వాదన. తమ్ముళ్లు అన్న మాటకే కట్టుబడ్డారు. అవకాశం చేజారింది. అనుకున్న పన్నెండు పాటల పని ఏడు దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడు పాటలూ కలిపితే అరగంట కూడా నిండదు. అయినా ఆ కాస్త నిడివిలోనే రెండు రకాల సంగీతం వినిపిస్తుంది. ‘కీప్ ఆన్ నాకింగ్’, ‘ఫ్రీకిన్ ఔట్’, ‘యు ఆర్ ఎ ప్రిజనర్’ మూడేసి నిమిషాలైనా లేని పాటలు. మొదలవడమే ఆలస్యం, వేగం అందుకుని, చెప్పదలచింది చెప్పేసి ఆగిపోతాయి. ‘లెట్ ద వరల్డ్ టర్న్’ నిదానంగా, కలలో తేలుతున్నట్టు సాగే పాట. ఉండుండి ఒక్కసారిగా ఉధృతమవుతుంది. అన్నిటిలోకి ఎక్కువ పేరు వచ్చింది ‘పొలిటీషియన్స్ ఇన్ మై ఐస్’కు. దాదాపు ఆరు నిమిషాల ఈ పాట వియత్నాం యుద్ధ కాలంలో యువకులను రణరంగానికి పంపిన నాయకుల మీద కోపంతో పుట్టింది. డేవిడ్ గిటార్ ఆగకుండా తరుముతుంటుంది. డానిస్ డ్రమ్స్ ఆ వేగాన్ని చెదరనివ్వకుండా పట్టి ఉంచుతాయి. వాటి మీద బాబీ మాటలను గుక్క తిప్పుకోకుండా విసిరేస్తాడు. మనుషులు ముగ్గురే కావడంతో ఏ వాయిద్యమూ ఇంకోదాని చాటున దాక్కునే వీల్లేదు. బేస్ గిటార్ కదలికలో పాత ఫంక్ సాధన జాడ తెలుస్తూనే ఉంటుంది.

గ్రూవ్స్‌విల్‌తో ఒప్పందం ముగిశాక మాస్టర్ టేపులు అన్నదమ్ముల చేతికి వచ్చాయి. మామూలుగా అవి కంపెనీల గోదాముల్లోనే ఉండిపోతాయి. 1976లో సొంతంగా ‘ట్రయాంగిల్’ అనే లేబుల్ పెట్టి, ‘పొలిటీషియన్స్ ఇన్ మై ఐస్’ ఒక వైపు, ‘కీప్ ఆన్ నాకింగ్’ రెండో వైపు ఉండేలా 500 రికార్డులు వేయించారు. అప్పటికి రేడియోల్లో డిస్కో హోరు మొదలైంది. ఈ పాటలను ఆదరించిన స్టేషన్లు దాదాపు లేవు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే న్యూయార్క్ బృందం రమోన్స్ తొలి ఆల్బమ్ వచ్చింది. పంక్ అనే పేరుతో వేగవంతమైన, క్లుప్తమైన రాక్ ప్రపంచమంతా పాకింది. అలాంటి పాటలను అప్పటికే రికార్డు చేసి పెట్టుకున్న డెట్రాయిట్ సోదరుల ఊసు ఎవరికీ పట్టలేదు. 1977లో డెత్ ఆగిపోయింది.

ముగ్గురూ వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌కు తరలిపోయారు. అక్కడ ‘ఫోర్త్ మూవ్‌మెంట్’ పేరుతో భక్తిగీతాల రాక్ ఆల్బమ్‌లు రెండు చేశారు. 1982లో డేవిడ్ డెట్రాయిట్‌కు తిరిగి వెళ్లిపోయాడు. బాబీ, డానిస్ అక్కడే ఉండిపోయి ‘లాంబ్స్‌బ్రెడ్’ అనే రెగే బృందం కట్టి చాలాకాలం నడిపారు. డేవిడ్ టేపులను బాబీకి అప్పగిస్తూ, ఏదో ఒకనాడు లోకం వీటిని వెతుక్కుంటూ వస్తుందని చెప్పాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2000లో అతను కన్నుమూశాడు. టేపులు బాబీ ఇంటి అటక మీద ఉండిపోయాయి. తనకు అలాంటి బృందం ఒకటి ఉండేదని బాబీ తన పిల్లలకు కూడా చెప్పలేదు.

వెతుక్కుంటూ రావడం మాత్రం మొదలయ్యే ఉంది. పాత రికార్డులు సేకరించేవాళ్ల మధ్య ఆ 500 ప్రతుల్లో మిగిలినవి చేతులు మారుతూ వచ్చాయి. దొరకడం కష్టమయ్యేకొద్దీ ఒక్కో ప్రతి ధర వందల డాలర్లకు పెరిగింది. ఎవరో రికార్డులోని పాటలను డిజిటల్ రూపంలోకి మార్చడంతో అవి ఇంకా చాలామందికి చేరాయి. 2008లో కాలిఫోర్నియాలో ఒక పార్టీలో మోగుతున్న పాట వింటూ బాబీ కొడుకుల్లో ఒకరు ఆ గొంతు తన తండ్రిదని గుర్తుపట్టాడు. ఆ కొడుకులు ‘రఫ్ ఫ్రాన్సిస్’ అనే బృందం కట్టి డెత్ పాటలను వేదికల మీద వాయించారు. షికాగోకు చెందిన డ్రాగ్ సిటీ సంస్థ 2009లో ఏడు పాటలనూ ఆల్బమ్‌గా విడుదల చేసింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ఏడాదే బృందం కథను ప్రచురించింది. 2012లో మార్క్ కొవినో, జెఫ్ హౌలెట్ ‘ఎ బ్యాండ్ కాల్డ్ డెత్’ అనే డాక్యుమెంటరీ తీశారు.

అటక మీది టేపుల విలువ ఇక్కడే తెలుస్తుంది. రికార్డు మీదికి ఎక్కినవి రెండే పాటలు. మిగిలిన ఐదూ టేపుల్లో తప్ప వెలుగు చూడలేదు. సేకర్తల చేతుల్లో తిరిగిన ప్రతులు బృందం పేరును బతికించాయి. ఆల్బమ్‌ను బతికించింది టేపులు. అవి ఏ చెత్తబుట్ట పాలో అయి ఉంటే డెత్ రెండు పాటల వింతగా మిగిలిపోయేది. పేరు కోసం ఒప్పందాన్ని కాదనుకున్న డేవిడ్ మొండితనం బృందానికి అప్పట్లో తీరని నష్టమే చేసింది. కానీ పాటలను నమ్మిన ఆ పట్టుదలే టేపులను కూడా కాపాడింది.

ఈ ఆల్బమ్ వచ్చాక పంక్‌కు ఆద్యులు వీళ్లేనన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. ముందు చేయడం వేరు, ఇతరులకు దారి చూపడం వేరు. డెత్ పాటలను రమోన్స్ విని నేర్చుకోవడానికి 1976కు ముందు వాటి రికార్డే లేదు. అదే కాలంలో, అదే రకం అసహనంతో, వేరే ఊళ్లో ముగ్గురు నల్లజాతి యువకులు తమంతట తామే ఆ వేగాన్నీ ఆ క్లుప్తతనూ అందుకున్నారు. అంతమాత్రాన వాళ్ల ఘనతకు లోటేమీ లేదు. రాక్ చరిత్రను అమ్ముడుపోయిన రికార్డుల ఆధారంగా రాస్తే ఇలాంటివాళ్లు అందులో కనిపించరు. ఆ సంగీతం తెల్లవాళ్ల సొత్తన్న అభిప్రాయం కూడా అలాంటి చరిత్ర వల్లే బలపడింది. డెత్ ఆల్బమ్ దానికి గట్టి జవాబు.

బాబీ, డానిస్ 2009లో లాంబ్స్‌బ్రెడ్ గిటారిస్టు బాబీ డంకన్‌ను కలుపుకుని డెత్‌ను మళ్లీ నిలబెట్టారు. ఆ ఏడు కాక పాత టేపుల్లో మిగిలి ఉన్న వేరే పాటలతో 2011లో, 2014లో మరో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. 2015లో ‘ఎన్.ఇ.డబ్ల్యూ.’ పేరుతో కొత్త ఆల్బమ్ చేశారు. డేవిడ్ చెప్పిన మాట నిజమైంది గానీ దాన్ని చూడటానికి అతను లేడు. ఆలస్యంగా దక్కే గుర్తింపుతో ఉన్న చిక్కే ఇది. పాట చెడకుండా ముప్పై నాలుగేళ్లు ఆగగలదు, పాడినవాళ్ల ఆయుష్షు ఆగదు. అందుకే మరుగున పడిన ఆల్బమ్‌లను వెతికి తీసే పని పాతవాటి మీద మోజుగా మిగిలిపోకూడదు. చేసినవాళ్లు బతికుండగానే జరగవలసిన న్యాయం అది.