పల్లవి జోలికి పోకుండా

కార్తీక పౌర్ణమికి చీరాల పక్కన వాడరేవులో సముద్రస్నానాలకి తెల్లారకముందే జనం దిగుతారు. పర్చూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట వైపుల నుంచి ఆటోలు, ట్రాక్టర్లు, కార్లు వరసకడతాయి. ఆ పూట అలల చప్పుడు వినాలంటే చెవి ఒగ్గాల్సిందే. ఒడ్డున ఆపిన బండ్లలోంచి పాటలు ఒకదాని మీద ఒకటి పడి మోగుతుంటాయి. ఎక్కువ పాతవే. గొంతులు బాలువి, సుశీలవి, జానకివి. అడుగున మాత్రం కొత్త దరువు. చరణం మధ్యలో ఎవరో కుర్రాడు తన పేరూ ఊరూ గట్టిగా చెప్పుకుంటాడు, ఈ మిక్సు తనదని. పాట అయ్యేలోపు ఆ పేరు మనకి కంఠతా వచ్చేస్తుంది. ఆ బాణీ కట్టినవాడి పేరు మాత్రం ఒక్కసారీ వినపడదు.

జనం వీటిని డీజే పాటలంటారు. నేను వీటిని శ్రద్ధగా వింటాను. పెళ్లి ఊరేగింపులో వచ్చినా, వినాయకుడి నిమజ్జనంలో వచ్చినా, కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభల మధ్య వచ్చినా వింటాను. కొన్ని వింటే ఒళ్లు ఝల్లుమంటుంది. కొన్ని వింటే మంచి పాటని కాళ్లూ చేతులూ కట్టి పడేసినట్టు బాధగా ఉంటుంది. రెండింటికీ వాడిన సరుకు ఒకటే, పరికరమూ ఒకటే. మరి తేడా ఎక్కడొచ్చింది? చాలాకాలంగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

జవాబు కోసం ఈ పని మొదలైన చోటికి వెళ్లాలి. రికార్డులోంచి ముక్క కోసి, దాన్ని తిప్పి తిప్పి వాయించి, దాని మీద కొత్త పాట కట్టడం హిప్‌హాప్ వాళ్ల పని. దాన్ని శాంపిలింగ్ అంటారు. దానికి దారి చూపిన రోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్టుమెంటులో ఒక పార్టీ. పాటలు పెట్టినవాడు జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని 18 ఏళ్ల కుర్రాడు, తర్వాత అందరూ కూల్ హెర్క్ అని పిలిచిన మనిషి. అతను గమనించింది ఒకటే. పాటంతా ఆడేవాళ్లు ఊరికే ఊగుతున్నారు. పాడేవాళ్లు ఆగి, డ్రమ్స్ ఒక్కటే మోగే ఆ కొద్ది క్షణాల కోసం కాచుకుని ఉన్నారు. అందుకని ఒకే రికార్డువి రెండు ప్రతులు తెచ్చి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మళ్లీ అదే ముక్క అందుకునేలా చేశాడు. హిప్‌హాప్ అక్కడ మొదలైంది. పల్లవిని వదిలేసి, పల్లవికీ చరణానికీ మధ్య పాట ఊపిరి పీల్చుకునే చోటుని పట్టుకోవడంతో మొదలైంది. ఈ సంగతి మర్చిపోయిన చోటల్లా శాంపిలింగ్ చెడిపోయిందని నా నమ్మకం.

మా ప్రాంతం సంగతికొస్తాను. గుంటూరు పక్కన తాడికొండ మండలంలో పొన్నెకల్లు అనే ఊరుంది. 1920లో అక్కడ షేక్ నాజర్ పుట్టారు. 1936లో అదే ఊళ్లో కొమ్మినేని అప్పారావు పుట్టారు. మొదటాయన బుర్రకథ నాజర్. రెండో ఆయన మద్రాసు వెళ్లి, సినిమా సంగీత దర్శకుడు చక్రవర్తి అయ్యారు. పత్తి, మిర్చి పండే నేల మీద ఒక్క ఊరు తెలుగువాళ్ల చెవికి ఇంత దరువు ఇచ్చిందంటే తలుచుకున్నప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

చక్రవర్తి పాటల్ని మన సినిమావాళ్లు వెనక్కి వెళ్లి తెచ్చుకుంటూనే ఉన్నారు. 1977లో ‘యమగోల’లో ఎన్టీఆర్ ఆడిన పాటని 2007లో ‘యమదొంగ’లో కీరవాణి మళ్లీ కట్టారు, మనవడు జూనియర్ ఎన్టీఆర్ తానే పాడి ఆడాడు. 1982లో ‘దేవత’లో శోభన్‌బాబు, శ్రీదేవి బిందెల మధ్య ఆడిన పాట 2019లో ‘గద్దలకొండ గణేష్’లో మళ్లీ వచ్చింది, బిందెలతో సహా. థియేటర్లో ఈలలు పడ్డాయి, పడాల్సిందే. తాత పాటకి మనవడు ఆడితే చూసే కళ్లకి పండగే. కానీ ఇది జ్ఞాపకాన్ని సత్కరించడం. పాత పాటలోంచి కొత్త సంగతి వినిపించడం వేరే పని. నాకు ఇష్టమైనది ఆ రెండోది.

మా అక్క కొడుకు చీరాలలో ఇంజనీరింగ్ చదువుతూ ల్యాప్‌టాప్‌లో బీట్లు కడుతుంటాడు. ఒక రాత్రి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి “విను మావయ్యా” అన్నాడు. ‘దేవత’ పాట పల్లవి మొత్తం, ఎక్కడా కోయకుండా. కింద డ్రమ్స్.

“బాగుందా?”

“పాట బాగుందిరా. ఇందులో నువ్వు చేసిందేది?”

కాస్త చిన్నబుచ్చుకున్నాడు. మాట్లాడకుండా ఇంకోటి పెట్టాడు. అందులో వయొలిన్ల గుంపు ఒకటి పైకి లేచి, లేచినచోటే తెగిపోయి, మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. ఎప్పటికీ పూర్తికాని ఆ లేవడంలో ఏదో ఆరాటం ఉంది. దాని అడుగున ఢోలక్ దెబ్బ ఒక్కటి, కొంచెం ఆలస్యంగా.

“ఎక్కడిదిరా ఇది?”

“నువ్వు రోజూ వినే పాటే మావయ్యా. రెండో చరణానికి ముందొచ్చే మ్యూజిక్.”

అసలు పాట పెట్టి విన్నాను. చక్రవర్తిదే. నా చిన్నప్పటి నుంచీ రేడియోలో, క్యాసెట్లో, టీవీలో విన్న పాట. ఆ వయొలిన్లు అక్కడ ఉన్నాయని నా చెవికి ఏనాడూ పట్టలేదు. చరణం ఎప్పుడొస్తుందా అని చూస్తూ వాటిని దాటి వెళ్లిపోయేవాణ్ణి. ఇరవై ఏళ్ల కుర్రాడు వాటి దగ్గర ఆగాడు. అప్పటి నుంచి మంచి శాంపిల్‌కి నేను పెట్టుకున్న పరీక్ష ఇదే: విన్నాక మనల్ని అసలు పాట దగ్గరికి కొత్త చెవితో పంపాలి. చెడ్డ శాంపిల్ ఆ అవసరమే లేకుండా చేస్తుంది. ఉన్నదంతా అక్కడే ఒలికిపోయి ఉంటుంది.

మిర్చి కల్లంలో కాయల్ని గ్రేడింగ్ చేసేటప్పుడు ఎర్రటి కాయ ఒక కుప్ప పోస్తారు, రంగు పోయి తెల్లబారిన తాలు ఇంకో కుప్ప. గుంటూరు యార్డులో తాలుకీ కొనేవాడుంటాడు. మంచి బీటు కట్టేవాడు ఆ రెండో కుప్ప దగ్గర కూర్చుని ఏరుకుంటాడు.

ఆ ఓపిక ఒకప్పుడు యంత్రమే నేర్పింది. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో పట్టేది మొత్తం కలిపి 10 సెకన్లు మాత్రమే. అందులోనే డ్రమ్స్, అందులోనే బేస్, అందులోనే గొంతు. ఆ 10 సెకన్లలో ఇంకాస్త ఇరికించడానికి కుర్రాళ్లు 33 స్పీడు రికార్డుని 45లో తిప్పి ఎక్కించుకునేవాళ్లు, తర్వాత మిషన్‌లో స్పీడు తగ్గించుకునేవాళ్లు. అలా తగ్గించినప్పుడు శబ్దం కొంచెం గరుకుగా, మసకగా మారేది. ఆ గరుకుదనమే ఆ కాలపు న్యూయార్క్ సంగీతానికి గుర్తయింది. చోటు లేదు కాబట్టి ప్రతి క్షణాన్నీ తూచి ఎంచుకున్నారు. ఇవాళ ఫోన్లో కూడా చోటుకి కరువు లేదు. పాట మొత్తం ఎత్తుకొచ్చి పెట్టుకోవచ్చు. అందుకే ఎత్తుకొస్తున్నారు.

ఇంకో తప్పు చెవికి వెంటనే తగులుతుంది గానీ చాలామంది దానికి కారణం పోల్చుకోరు. మద్రాసు స్టూడియోల్లో ఆ రోజుల్లో వాద్యగాళ్లందరూ ఒకేసారి కూర్చుని వాయించేవాళ్లు. ఢోలక్ వాయించే మనిషి పాడేవాళ్ల ఊపిరిని బట్టి వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిగేవాడు. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ ఆ పాటని తెచ్చి గీతల గళ్లలో కూర్చోబెడుతుంది. గళ్లకి సరిపోవడానికి గొంతుని సాగదీస్తుంది, లేదా నొక్కుతుంది. సుశీల గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటే లోపం రికార్డుది కాదు. మన జానపదాల్లో చాలా పాటలు మూడేసి దెబ్బల తిశ్ర గతిలో నడుస్తాయి. వాటి కింద నాలుగు అడుగుల కిక్ డ్రమ్ తిన్నగా పెడితే పాట ఒక దారి, దరువు ఒక దారి. ఆ గళ్లకి లొంగని జె డిల్లా అనే బీట్‌మేకర్ డెట్రాయిట్‌లో ఉండేవాడు. మిషన్‌లో దెబ్బల్ని సరిచేసే మీట ఉన్నా, అవి తిన్నగా పడకుండా కొంచెం అటూ ఇటూగా ఉండేలా చూసుకునేవాడు. 2006లో ‘డోనట్స్’ ఆల్బమ్ విడుదలైన మూడు రోజులకి, 32 ఏళ్ల వయసులో పోయాడు. అతను వాడిన ఎంపీసీ అనే శాంప్లర్ ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది. పాత పాటలోని మనిషి చెయ్యిని చెరపకుండా తన చెయ్యి కలిపినవాడు కాబట్టి ఆ గౌరవం అతనికి తగింది.

ఇక అసలు పాటవాళ్లకి పడిన అప్పు సంగతి. 1981లో ‘జ్యోతి’ అనే హిందీ సినిమాకి బప్పీ లహరి కట్టిన పాట ఒకటి లతా మంగేష్కర్ పాడారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటల బప్పీ లహరే. 2002లో డీజే క్విక్ అనే అమెరికన్ నిర్మాత ఆ రికార్డు ముక్కని తీసి, ట్రూత్ హర్ట్స్ అనే గాయని ‘అడిక్టివ్’ పాటకి అడుగున పరిచాడు. బీటు గట్టిది, ఇప్పుడు విన్నా కాలు ఊరుకోదు. కానీ లత గొంతు ఆ పాటలో దాదాపు మొదటి నుంచి చివరిదాకా ఉంది, డబ్బా మీద మాత్రం బప్పీ పేరు లేదు. కేసు పడింది. 2003లో లాస్ ఏంజిలిస్ కోర్టు, ఆయన పేరు చేర్చితేనే ఆ సీడీ అమ్మాలని ఉత్తర్వు ఇచ్చింది. చెవి బాగా పనిచేసి, మర్యాద చెడిన పని అది. అదే దశకంలో అమెరికన్ బృందం బ్లాక్ ఐడ్ పీస్, బ్రిటన్ గాయని ఎం.ఐ.ఏ. కూడా ఇళయరాజా పాటల దగ్గరికి వచ్చారు. 2007లో ఎం.ఐ.ఏ. ‘దళపతి’ పాటని తీసుకున్నప్పుడు ప్రధానంగా పట్టుకున్నది దాని దరువుని. బాలు, జేసుదాసు ఇద్దరూ కలిసి పాడిన పాట దొరికితే ఎవరైనా ముందు వాళ్ల గొంతుల కోసమే చెయ్యి చాస్తారు. ఆమె డప్పుల బరువు విన్నది. అందుకే ఆ పాట నాకు నచ్చుతుంది.

వాడుకున్ననాటికి బప్పీకి, ఇళయరాజాకి కనీసం పేరుంది, అడిగే నోరుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది గ్రెగరీ కోల్‌మన్ కథ. 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం రికార్డులో రెండో వైపు పాటలో అతను సుమారు 6 సెకన్లు ఒంటరిగా డ్రమ్స్ వాయించాడు. ఆ 6 సెకన్లు ఆ తర్వాత వేల పాటల్లోకి వెళ్లాయి. బహుశా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కోసి వాడిన దరువు అదే. కోల్‌మన్‌కి పైసా రాలేదు. 2006లో ఇల్లు కూడా లేని దశలో పోయాడు. తర్వాత 2015లో అభిమానులు చందాలు వేసుకుని బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 24,000 పౌండ్లు ఇచ్చారు. అప్పటికి వాయించినవాడు లేడు.

కోల్‌మన్ పేరైనా లోకానికి తెలిసింది. మన రికార్డు అట్టల మీద సాధారణంగా ఉండేవి కవి పేరు, గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు. ఢోలక్ ఎవరిది, బాంగో ఎవరిది, ఆ వయొలిన్ల గుంపులో ముందు కూర్చున్నదెవరు అనేది అట్ట చెప్పదు. మా మేనల్లుడు ఆగిన చోట వాయించిన మనిషి ఎవరో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. నాజర్ బుర్రకథలోనూ ఇదే. తంబురా భుజాన వేసుకుని, బొటనవేలి అందెలు మోగిస్తూ కథ చెప్పే నాజర్ మనకి తెలుసు. 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయనకి అటూ ఇటూ నిలబడి గుమ్మెట వాయించి వంత పాడిన వాళ్ల దగ్గరే అసలు దరువంతా ఉంది. కథకుడు ఊపిరి తీసుకున్నప్పుడు ఆ గుమ్మెటలు రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. హెర్క్ విని ఉంటే అక్కడే ఆగేవాడు. ఆ చేతుల పేర్లు ఎంతమందికి తెలుసు?

చట్టం తన లెక్క తాను చెబుతుంది. మన దేశంలో రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు. 1964లో వెలువడిన రికార్డింగుల మీద ఆ హక్కు 2024తో ముగిసింది. బాణీ మీద, మాట మీద హక్కు మాత్రం రచయిత పోయాక మరో 60 ఏళ్లు నడుస్తుంది. 1974లో పోయిన ఘంటసాల బాణీలకి 2034 చివరిదాకా, 2002లో పోయిన చక్రవర్తి బాణీలకి 2062 చివరిదాకా. అనుమతి అడగాలి, డబ్బు కట్టాలి. అది న్యాయమే. అయితే ఈ లెక్కలో ఢోలక్ మనిషి లేడు. అతని అప్పు తీర్చగలిగేది వినేవాళ్లూ, వాడుకునేవాళ్లూ మాత్రమే.

వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918 నుంచి పాత పత్రికల్ని కాపాడుతోంది. చేనేత పల్లెల మధ్య నిలబడి ఒక ఊరు అంత కాగితాన్ని దాచగలిగింది. శబ్దాన్ని దాచే పని కూడా మన ఊళ్లు చెయ్యగలవు. చీరాల, బాపట్ల, పర్చూరు, గుంటూరు వైపు ఎవరింట్లోనైనా బుర్రకథ క్యాసెట్లు, పద్యనాటకాల రికార్డులు, పాత సినిమా ఎల్‌పీలు ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే కూర్చోబెట్టి వినిపించండి, హార్మోనియం ఎవరిది, గుమ్మెట ఎవరిది అని అడగండి, చెప్పిన పేర్లు అట్ట మీద రాయండి. బీట్లు కట్టే పిల్లలకి చెప్పేది కూడా అంతే: మీ పేరు పాటలో చెప్పుకున్నంత గట్టిగా వాళ్ల పేరు కూడా చెప్పండి.