సియోల్‌లో ఒక భోజనపు బల్ల



సంఘ పని నిమిత్తం మేమిద్దరం దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్లినప్పటి సంగతి ఇది. మా గృహిణికి రొయ్యలు పడవు. ఒక్క ఎండురొయ్య నోట పడినా పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. రొయ్య కనబడని వంటకం తింటే చాలునని అనుకొని బయలుదేరాం. అదే మా పొరపాటు.

మొదటి రోజు మధ్యాహ్నం ఒక సందులోని చిన్న భోజనశాలలో కూర్చున్నాం. అడగకుండానే అరడజను చిన్న గిన్నెలు బల్ల మీదికి వచ్చాయి. వీటిని పాన్‌చాన్ అంటారు. మన పచ్చళ్లలాగా అన్నంతో నంజుకునేవి. వాటిలో ఆవకాయలాగా ఎర్రగా మెరుస్తున్నది కిమ్చీ. మా గృహిణి సందేహించింది. "క్యాబేజీయే గదా! ఆ పెద్దామె ఆదరంగా పెట్టింది, వద్దంటే బాగుండదు" అన్నాం. ఎన్నో ఇళ్లలో పెట్టినది పెట్టినట్టు తిని, అదే మర్యాద అనుకునే అలవాటు మాది.

నాలుగు ముద్దలు తినకముందే ఆమె పెదవులు దురద పెట్టాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. వెంట తెచ్చిన మాత్ర వేసి ఆసుపత్రికి తీసుకొని వెళ్లాం. దేవుని దయవల్ల ఊపిరికి ఇబ్బంది రాలేదు. ఆ వరండాలో కూర్చున్నంతసేపు మా మాటే మమ్మల్ని పొడిచింది. మా మర్యాద కోసం ఆమె ప్రాణం మీదికి తెచ్చాం.

సాయంత్రం అక్కడ చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి మమ్మల్ని చూడవచ్చాడు. "అయ్యగారూ, ఇక్కడ రొయ్య కంటికి కనబడదు. చాలా రకాల కిమ్చీలో సేఉజొత్ అని, ఉప్పులో ఊరవేసిన సన్న రొయ్యలు కలుపుతారు. కారం లేని తెల్ల కిమ్చీలోనూ ఉండవచ్చు. పసిపిల్లలకు పెట్టే ఆవిరి గుడ్డులో కూడా ఉప్పుకు బదులు అదే వేస్తుంటారు" అన్నాడు. చేపలు పడనివారు పులుసుల విషయంలో జాగ్రత్తపడాలనీ, వాటిని తరచుగా ఎండు నెత్తళ్ల నీళ్లతో కాస్తారనీ చెప్పాడు. గోధుమ పడనివారికి సోయా సాస్, గోచుజాంగ్ అనే మిరప ముద్ద ప్రమాదమట. నేంగ్‌మ్యొన్ అనే చల్లని సేమ్యాలో బక్‌వీట్ పిండి ఉంటుందట. అది పడనివారికి చిన్న మోతాదు కూడా కీడు చేయవచ్చు.

అతడు కొరియా లిపిలో ఒక చీటీ వ్రాసి ఇచ్చాడు: "నాకు రొయ్యల అలర్జీ ఉన్నది. సేఉజొత్ కొంచెమైనా పడదు. నేను ఏది తినవచ్చు?" రొయ్య తీసి వేయండి అంటే పైన కనబడేది మాత్రమే తీస్తారు గనుక, ఏది తినవచ్చునో వారినే అడగాలన్నాడు.

మరునాడు ఇంకొక భోజనశాలలో, గిన్నెలు రాకముందే ఆ చీటీ చూపించాం. వడ్డించే పెద్దామెను అక్కడివారు "ఇమో" అని పిలుస్తారు, అంటే పిన్ని. ఆమె చీటీని రెండుసార్లు చదివి, వంటింట్లో అడిగి వచ్చింది. పెట్టబోయిన మూడు గిన్నెలు వెనక్కి తీసుకొనిపోయింది. కాల్చే పెనం మార్చి, వేరే కత్తెర తెచ్చి, ఉప్పు మాత్రం చల్లిన మాంసం, అన్నం, లేత ఆకులు పెట్టింది. ఆమె ముఖంలో నొచ్చుకున్న జాడ లేదు, తృప్తి ఉన్నది. వద్దని చెప్పడం ఆమెకు అవమానం కాలేదు, ఆమెను మాకు సాయం చేయనిచ్చింది.

పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల తయారీ మొదలైన తరువాత మన ప్రాంతంలోనూ కొరియా భోజనశాలలు వెలిశాయి. మన పిల్లలు అక్కడికి వెళ్లవచ్చు. చీటీ చేతిలో ఉంచండి. వంటింటివారు ఖాయంగా చెప్పలేకపోతే తినకుండా లేచి రండి. గొంతు వాచినా, ఊపిరి అందకపోయినా మాత్ర వేసి ఎదురుచూడవద్దు. డాక్టరు ఇచ్చిన ఎడ్రినలిన్ సూది ఉంటే వెంటనే వాడి, అంబులెన్సును పిలవండి. కొరియాలో ఆ నంబరు 119, మన దగ్గర 108.

ఇంట్లో ఎవరైనా "నాకిది పడదు" అంటే మర్యాద పేరుతో బలవంతం చేయవద్దు. మేము చేసి నేర్చుకున్నాం.