దూరదేశపు పూటకూటిల్లు

నెల్లూరికి ఉత్తరమున కొడవలూరు కలదు. అచ్చటి వరిపొలముల నడుమ పెరిగినవారికి అన్నమనగా మెతుకు మెతుకునకు అంటరాదు. ముద్దకట్టినచో వంట చెడినదందురు.

అట్టి యువకుడొకడు కొలువునకై జపాను రాజధాని టోక్యో చేరి, నిషికసాయి పేటలో దిగెను. కంప్యూటరులకు 2000 సంవత్సరముతో వచ్చిన తేదీల చిక్కును సరిదిద్ద వచ్చిన భారతీయ ఇంజనీర్లు పలువురు స్థిరపడిన పేట యది. ఒక రాత్రి అతడు వీధిమలుపున నున్న చిన్న భోజనశాలకు పోయెను. వాకిట ‘నోరెన్’ అను గుడ్డతెర వ్రేలాడుచుండెను. దానిని లోనికి తీసినచో ఆనాటికి అంగడి మూసినట్లే.

అన్నము, కాల్చిన చేప, ఊరగాయ, పులియబెట్టిన సోయాముద్దతో కాచిన ‘మీసో’ చారు వచ్చెను. చారునకు రుచి నిచ్చునది ఎండుచేప తురుము. తీరప్రాంతమువానికి ఆ వాసన క్రొత్తదా! శాకాహారులు మాత్రము ముందే విచారించుకొనవలెను.

చిక్కంతయు అన్నముతోనే. అది పొట్టిగింజ బియ్యము. అమైలోస్ అను పిండిపదార్థము తక్కువగుటచే జిగురుగా నుండును. వంట చెడినదని అతడు తలచెను. కాని పుల్లలతో ఎత్తగా చిన్నముద్ద చక్కగా లేచివచ్చెను. పొడిమెతుకులు పుల్లలకు చిక్కునా?

నీరు త్రాగుటకై అతడు పుల్లలను అన్నమున నిలువుగా గ్రుచ్చెను. వడ్డించు ముసలమ్మ వడివడిగా వచ్చి, మాటాడక, వానిని తీసి అడ్డముగా పరుండబెట్టెను. ఆ దేశమున అట్లు గ్రుచ్చిన అన్నమును మృతుల చెంత నుంచుదురని తోడి ఉద్యోగి మరునాడు చెప్పెను. పిండము పెట్టిన విస్తరి నెరిగినవానికి అంతకుమించి చెప్పనక్కరలేకపోయెను.