చేజర్ల గుడిలో మా తాత అడిగిన ప్రశ్న

సంక్రాంతి సెలవులకు మా అమ్మానాన్న మిరప కోతలకు నకరికల్లు వైపు వచ్చి ఉంటే నేనూ అక్కడికే పోయాను. రెండు రోజులు కాయలు కోశాను. చేతులు మండి నిద్ర పట్టలేదు. మూడో రోజు మా తాతను తోడు తీసుకుని చేజర్ల కపోతేశ్వర స్వామి గుడికి పోయాను. సోషల్ సార్ క్లాసులో ఈ గుడి గురించి చెప్పారు, అందుకని.

చేజర్ల ముందు గుంటూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి పల్నాడు జిల్లా. గుడి చిన్నదే. మీరెవరైనా పోతే తప్పకుండా వెనక్కి పోయి చూడండి. అక్కడ గోడకు మూలలు లేవు, గుండ్రంగా తిరిగి, పైన ఏనుగు వీపులా ఉంటుంది. దీన్ని గజపృష్ఠం అంటారు. సుమారు 1,600 ఏళ్ల కిందట ఇటుకలతో కట్టిన బౌద్ధ చైత్యమే తర్వాత శివాలయం అయిందని చరిత్రకారులు రాశారు. నాగార్జునకొండలో ఇట్లాంటి వాటికి పునాదులే మిగిలాయి. ఇక్కడ కప్పు కూడా నిలిచింది! ఆనంద గోత్రపు రాజు కందరుడి పేరున్న శాసనం కూడా ఈ ఊరిదే. గుడి దగ్గర రాతిమీద అక్షరాలు చూసి తాత "చదువుకున్నావు గదా, చదువు పాపా" అన్నాడు. నాకు ఒక్క అక్షరం రాలేదు. "నీకూ రాదా!" అని నవ్వాడు.

కపోతం అంటే పావురం. మా పుస్తకంలో శిబి చక్రవర్తి కథలో పావురాన్ని డేగ తరుముతుంది. ఇక్కడ చెప్పుకునే కథలో తరిమింది వేటగాడు. పావురాన్ని ఇవ్వకపోతే నా ఇంటివాళ్లు ఆకలితో ఉంటారు అన్నాడంట. రాజు పావురం ఎత్తు కండ కోసిచ్చాడు, చాలకపోతే తననే ఇచ్చాడు. లింగం తల లేని మొండెంలా ఉంటుందని, దాని మీది గుంటలు ఆ కండలు కోసిన గుర్తులని అంటారు.

మేము యానాదులం. కోతలు లేనప్పుడు నాన్న వరి పొలాల్లో కుండతో పొగ ఊది ఎలుకలు పడతాడు. స్కూలు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర నేను "కూలి" అని మాత్రమే రాశాను. కూలి నిజమే. రెండోది రాయడానికి సిగ్గేసింది. ఈ కథలో వేటగాడు రాజు ముందు నిలబడి నా పిల్లలకు కూడు కావాలని అడిగాడు, సిగ్గుపడలేదు.

తిరిగొచ్చేటప్పుడు పత్తి చేల గట్టు మీద తాత చానాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆగి అడిగాడు:

"రాజు దేవుడయ్యాడు, పావురం బతికింది, సరే. మరి ఆ యేటగాడి పిల్లలు ఆ పూట ఏం తిన్నారే?"

సార్‌ని అడిగి చెప్తానన్నాను.

- 9వ తరగతి విద్యార్థిని